మట్టిబాట మీద ఒక రాత్రి – కొంత చరిత్ర, కొంత స్వానుభవం



ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని సంపాదకులు కోరారు. కోటల గురించి, రాజుల గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను 37 సంవత్సరాలు రెవిన్యూ శాఖలో ఫైళ్ల మధ్య గడిపి 2008లో రిటైరైన గుమాస్తాను. నాకు తెలిసిన చరిత్ర ఎడ్లది, మట్టిబాటది. అందులో నా సొంత సంగతి ఒకటి ఉన్నది. అరవై ఏండ్లు దాటినా ఎవరికీ చెప్పలేదు. డెబ్బై అయిదేండ్ల వయసులో ఇంకా దాచుకోవడం ఎందుకని ఇక్కడ రాస్తున్నాను.

2019 మహాశివరాత్రి జాతరకు ఒక పెన్షనర్ మిత్రుడు నన్ను సూర్యాపేట జిల్లా మేళ్లచెరువుకు తీసుకుపోయాడు. మా జహీరాబాద్ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారే హైదరాబాద్, సూర్యాపేట దాటి కోదాడ మీదుగా బెజవాడకు పోతుంది. మనమంతా మొన్నటిదాకా 9వ నంబరు రోడ్డు అని పిలిచింది దీనినే. కోదాడ దాకా ఆ రోడ్డు మీదనే పోయి, అక్కడినుంచి లోపలికి తిరిగినాము. మేళ్లచెరువులో స్వయంభు శంభులింగేశ్వరస్వామి ఆలయం ఉన్నది. శివరాత్రి జాతరలో అక్కడ జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలకు తెలంగాణ నుంచే కాక ఆంధ్ర జిల్లాల నుంచి కూడా జతలు వస్తాయి.

మేము చేరేసరికి చీకటి పడింది. ఫ్లడ్‌లైట్ల వెలుగులో పొడవైన మట్టిబాట, రెండు పక్కల తాళ్లు కట్టి, వాటి వెనుక వేలమంది జనం. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లినట్టున్నారు, మంచి తడిమట్టి వాసన వస్తున్నది. మిర్చిబజ్జీల బండ్లు, చాయ్ కెటిల్ పట్టుకొని తిరిగే పిల్లలు, ఆగకుండా మాట్లాడే మైకు. నాకు పదేండ్ల వయసు తిరిగి వచ్చినట్లయింది.

చూడనివారి కోసం పోటీ పద్ధతి చెబుతాను. కాడికి కట్టిన జత ఒక పెద్ద రాతిబండను బాట ఈ కొస నుంచి ఆ కొసకు లాగాలి. అక్కడ మళ్లించుకొని తిరిగి రావాలి. ఇచ్చిన సమయంలో ఎన్ని రౌండ్లు తిరిగితే అన్ని లెక్కపెట్టి, గంట కొట్టినప్పుడు బండ ఆగినచోట టేపు పట్టి అడుగులు, అంగుళాలతో సహా రాస్తారు. ఎక్కువ దూరం లాగిన జతకు బహుమతి. విభాగాలను పళ్లను బట్టి చేస్తారు. పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన సీనియర్లు. ఎద్దుకు బర్త్ సర్టిఫికెట్ ఉండదు కదా, నోరు తెరిచి చూస్తే వయసు తెలుస్తుంది. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ దిద్దించుకున్న మహానుభావులను చూసిన నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది.

ఇది ఉత్త వినోదంగా పుట్టిన ఆట కాదు. ఇంజన్లు లేని రోజుల్లో మోటకు, నాగలికి, గానుగకు, బండికి ఎద్దు బలమే ఆధారం. ఏ జత ఎంత బరువు లాగుతుందో, ఎంతసేపు తట్టుకుంటుందో పదిమందిలో తేలితే కొనేవాడికీ అమ్మేవాడికీ ధర తెలుస్తుంది. ఆ రాత్రి వచ్చినవి ఎక్కువగా ఒంగోలు జాతి గిత్తలు. గుండ్లకమ్మ, మూసీ నదుల మధ్య ప్రాంతం ఈ జాతికి పుట్టిల్లని చెబుతారు. పూర్వం నెల్లూరు జిల్లా పేరుమీద విదేశాలకు ఎగుమతి అయినందువల్ల బ్రెజిల్ దేశంలో వీటి సంతతిని నేటికీ నెలోర్ అనే పిలుస్తారు. 1868లో ఒక జతను ఓడలో ఇంగ్లండుకు తీసుకుపోతూ బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో అమ్మినారని, అక్కడ ఈ జాతి వేరూనడం అట్లా మొదలైందని ఆ దేశంవారు చెప్పుకుంటారు. ఈనాడు బ్రెజిల్ మాంసపు పశువులలో అధిక భాగం ఈ సంతతిదే. మనవాళ్లు కష్టం చేయించుకోవడానికి పెంచిన జాతి అక్కడ కోతకు పెరుగుతున్నది.

మా వైపు జాతి వేరు. దానిని దేవణి అంటారు. ఉద్గీర్, బీదర్ ప్రాంతాల నుంచి మా న్యాల్‌కల్ దాకా ఇవే కనిపించేవి. ఒళ్లంతా తెలుపు ఉన్నదానిని బాలంక్య అని, మొహం మీద నలుపు ఉన్నదానిని వన్నెర అని, ఒంటిమీద నల్లమచ్చలు ఉన్నదానిని షేవెర అని మూడు రకాలుగా గుర్తిస్తారు.

పక్కన కూర్చున్న మిత్రుని కొడుకు ఇంజనీరు. “అంకుల్, అమెరికాలో కూడా రాత్రిపూట లైట్లు పెట్టి మట్టి మీద కార్ల పందేలు ఆడతారు. మా ఆఫీసు పనిమీద పోయినప్పుడు చూసినాను” అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను గాని, ఇంటికి వచ్చినాక ఆ విషయం మీద దొరికినంత చదివినాను. చదివినకొద్దీ ఆశ్చర్యం వేసింది. ఆ పందేలు కూడా రైతుల జాతరలోనే పుట్టినాయి.

1896 సెప్టెంబరులో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్ర వ్యవసాయ ప్రదర్శనలో, గుర్రాలు పరుగెత్తే మట్టి ట్రాకు మీద మోటారు కార్లకు పందెం పెట్టినారు. ఆ దేశంలో ట్రాకు మీద జరిగిన మొదటి కార్ల పందెం అదే అంటారు. గెలిచింది పెట్రోలు బండి కాదు, బ్యాటరీ బండి. ఇక ఆస్ట్రేలియా సంగతి మనబోటి గుమాస్తాలు తప్పక వినాలి. వెస్ట్ మైట్‌లాండ్ అనే ఊరిలో వ్యవసాయ సంఘానికి జానీ హాస్కిన్స్ అనే సెక్రటరీ ఉండేవాడు. 1923 డిసెంబరు 15వ తేదీ రాత్రి, ఆ సంఘం ప్రదర్శన మైదానంలో విద్యుద్దీపాల ఉత్సవం జరిపి, మట్టి ట్రాకు మీద మోటారు సైకిళ్ల పందెం పెట్టించాడు. ఈ క్రీడ అంతకుముందే ఉన్నదని వాదించేవారు ఉన్నా, అతని పేరు మాత్రం చరిత్రలో నిలిచింది. 1928 ఫిబ్రవరి 19న ఇంగ్లండులోని హై బీచ్‌లో పందెం పెడితే జనం వేలాదిగా విరగబడి వచ్చారు. ఆ పందెపు మోటారు సైకిళ్లకు నేటికీ బ్రేకులు ఉండవు. మలుపులో వెనుక చక్రాన్ని మట్టి మీద పక్కకు జార్చి వేగం అదుపు చేసుకోవాలి.

దేశం ఏదైనా కథ ఒకటే. పంట ఇంటికి వచ్చినాక రైతులు ఒకచోట చేరుతారు. పశువులను చూసుకుంటారు, బేరాలాడుతారు. రాత్రి అయ్యేసరికి ‘నీది గట్టిదా, నాది గట్టిదా’ అనే మాట వస్తుంది. కింద మట్టి ఉండనే ఉన్నది.

ఆ మాట మా ఊరి బాట మీద కూడా వచ్చింది. నేను చెప్పదలచుకున్న సంగతి అదే.

మాది న్యాల్‌కల్. 1956 నవంబరు 1వ తేదీకి ముందు మా ఊరు బీదర్ తాలూకాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో ‘బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్’ అని మా ఊరి పేరు స్పష్టంగా రాసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపినారు. ఆ విధంగా మెదక్ జిల్లా వాళ్లమైనాము. 2016 అక్టోబరు 11 నుంచి సంగారెడ్డి జిల్లా. నా చిన్నతనంలో ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, కచేరీలో ఉర్దూ. ఊరి దర్గా ఉర్సుకు పశువుల సంత కూడేది, కుస్తీలు జరిగేవి. శివరాత్రికి బండ్లు కట్టుకొని ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుని జాతరకు పోయేవాళ్లము. మన ఉమ్మడి మెదక్ జిల్లాలోనే ఏడుపాయల జాతరలో అలంకరించిన బండ్లు గుడిచుట్టూ తిరుగుతాయి, అదొక వేడుక. మా వైపు మాత్రం తిరుగుదారిలో పడుచువాళ్లు బండ్లు ఉరికించేవారు.

1961లో అని గుర్తు. నాకు పదకొండేండ్లు. శివరాత్రి మరునాడు ఝరాసంగం నుంచి తిరిగి వస్తున్నాము. అమావాస్య చీకటి. ఇరుసు కింద వేలాడే కందిలి వెలుగు తప్ప ఏమీ కనబడదు. మాకు ఒకటే జత, రెండూ దేవణి ఎడ్లు. నాయిన మెల్లగా తోలుతున్నాడు. వెనుక నుంచి ఒక బండి గజ్జెల మోతతో వచ్చి మమ్మల్ని దాటింది. అందులో ఉన్నది నాతో బడికి వచ్చే పిల్లవాడు. వాడు నావైపు చూసి వెక్కిరించాడు.

నేను లేచి నిలబడి “ఉరికించు నాయినా, ఉరికించు!” అని అరిచినాను. నాయిన “వద్దు బిడ్డా, బాట కనబడ్తలేదు” అన్నాడు. నేను ఊరుకోలేదు. ఏడ్చినాను, మళ్లీ అరిచినాను. వెనుక బండ్లలోని వాళ్లు కూడా నా కేక అందుకున్నారు. ఎన్నడూ ఎడ్ల మీద దెబ్బ వేయని నాయిన ఆ రాత్రి చర్నకోల ఎత్తినాడు.

కొంతదూరం ఉరికినాయి. ఆ కొంతసేపు నా సంతోషం చెప్పనలవి కాదు. తర్వాత ఎడమదిక్కు ఎద్దు ముందరికాలు ఎండిన బురదగాడిలో ఇరుక్కొని, అది మోకాళ్ల మీద కూలింది. కందిలి ఆరిపోయింది. చీకట్లో దాని ఊపిరి మాత్రం వినబడుతున్నది.

కట్టు కట్టించినాము, పసరు పోయించినాము, కాలు సరికాలేదు. మరుసటి ఉర్సు సంతలో దానిని అమ్మినారు. కుంటి ఎద్దును కొన్నవాడు దేనికి కొన్నాడో నాయినకు తెలుసు. నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. మిగిలిన ఎద్దును ఇంకొక రైతు ఎద్దుతో జతకట్టి, ఒకరోజు వాళ్ల చేను, ఒకరోజు మా చేను దున్నుకుంటూ రెండేండ్లు గడిపినాము. వాన పడ్డరోజున వంతు మాది కాకపోతే అదును తప్పేది. ఆ రెండేండ్ల అప్పు తీర్చడానికి ఒక చెలక పోయింది.

నాయిన నన్ను ఒక్క మాట అనలేదు. “నువ్వు మంచిగ చదువుకో బిడ్డా” అన్నాడు, అంతే. 1971లో నాకు నౌకరీ దొరికినప్పుడు మొదటి జీతం ఆయన చేతిలో పెట్టినాను. ఆరోజు ఆ సంగతి చెప్పి క్షమించమని అడుగుదామనుకున్నాను. నోరు రాలేదు. ఆయన పోయినాక అడగడానికి ఎవరున్నారు?

మళ్లీ మేళ్లచెరువుకు వస్తాను. అర్ధరాత్రి దాటింది. ఒక జత బాగా లాగుతూ వచ్చి, మలుపు దగ్గర కుడివైపు గిత్త మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. సమయం ఇంకా మిగిలి ఉన్నది. జనం అంతా ఒకటే కేకలు, “కొట్టు, లేపు!” అని. నేను కూడా అలవాటుగా నోరు తెరిచినాను. కేక గొంతులో ఆగిపోయింది. కాలు చల్లబడింది. తోలేవాడు ఒక నిమిషం గిత్త ముఖం చూసినాడు. చేతిలోని కర్ర పక్కన పారవేసి, కాడి విప్పి, దాని మెడ మీద నీళ్లు పోసినాడు. గిత్త నెమ్మదిగా లేచింది. పోటీ నుంచి తప్పుకుంటున్నామని సైగ చేసి వాటిని నడిపించుకుపోయినాడు. కొందరు ఎగతాళి చేశారు. ఒక మూల నుంచి చప్పట్లు మొదలై మెల్లగా మైదానమంతా పాకినాయి. నా చెంపలు తడిసిపోయినాయి. మిత్రుడు “దుమ్ము పడిందా?” అని అడిగితే అవునన్నాను.

చట్టం సంగతి కూడా చెప్పాలి. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చింది, అంటే మా ఎద్దు కూలడానికి ముందే. 2011 జూలై 11న కేంద్ర ప్రభుత్వం ప్రదర్శనలలో వాడరాని జంతువుల జాబితాలో ఎద్దును చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను నిషేధించింది. 2017లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు తమ చట్టాలను సవరించుకోగా, 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయని తీర్పు చెప్పింది. పందేలే వద్దనేవారిలో న్యాయం ఉన్నది. పందేలు లేకపోతే ఈ జాతులను మేపేదెవరు అని అడిగే రైతులోనూ న్యాయం ఉన్నది. మా జహీరాబాద్‌లోనే 2013లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ప్రారంభమైంది. ఇప్పుడు న్యాల్‌కల్ చేలల్లో నాగలి కంటే ట్రాక్టరే ఎక్కువ కనబడుతుంది. ఎద్దు పని పోయింది. ఎద్దు కూడా పోకూడదు.

అందుచేత పందెం ఉండాలా వద్దా అని తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. ఒక్కటి మాత్రం అనుభవం మీద చెప్పగలను. చర్నకోల తోలేవాని చేతిలో ఉంటుంది, కాని దానిని ఎత్తించేది చూసేవాని కేక. మోటారు సైకిలు అయితే పడేవాడు తన ఇష్టంతో ఎక్కినవాడు. ఎద్దును ఎవరూ అడగలేదు.

మీరు మనుమలను తీసుకొని జాతరలకు పోతారు, పోవాలి కూడా. మట్టిబాట చూపించండి, గిత్తల అందం చూపించండి, పళ్లను చూసి వయసు చెప్పడం నేర్పండి. బాగా లాగిన జతకు చప్పట్లు కొట్టించండి. మోకాళ్ల మీద కూలిన ఎద్దును చూసినప్పుడు మాత్రం పిల్లవాని భుజం మీద చెయ్యి వేసి “ఇప్పుడు అరవవద్దు బిడ్డా” అని చెప్పండి. ఆనాడు ఆ మాట మా నాయిన చెప్పినాడు. నేనే వినలేదు.