మందు పడలేదు

"ఆ మాత్ర నాకు పడలేదమ్మా!" చోడవరంలో ఏ మందులషాపు ముందు రెండు నిమిషాలు నిలబడినా ఈ మాట వినిపిస్తుంది. దద్దుర్లు లేచినా, కళ్లు తిరిగినా, కడుపులో దేవినా మనకు అదొక్కటే మాట. షాపతను ఇంకో మాత్ర ఇస్తాడు. సంగతి అక్కడితో సరి. ఆ 'పడలేదు' అన్నదాన్ని ఎవరో ఒకరు రాసిపెట్టుకోవాలన్న ఆలోచన రావడానికి ప్రాణాలే పోవలసి వచ్చింది.

1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్లకి కాలిగోరు తీయడానికి క్లోరోఫామ్ వాసన చూపించారు. నిమిషాల్లో పిల్ల పోయింది. ముందు ఆగింది ఊపిరా, గుండెనా? ఈ తగవు నలభై ఏళ్లు నలిగి నలిగి ఆఖరికి మన హైదరాబాదు చేరింది! అక్కడి మెడికల్ స్కూలు పెద్ద ఎడ్వర్డ్ లారీ "ఊపిరి కనిపెట్టి ఉంటే చాలు, గుండెకేం భయం లేదు" అనే మనిషి. ఆరో నిజాం వెయ్యి పౌన్లిచ్చి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే డాక్టరుని రప్పించారు. 1889లో నాలుగువందల పైచిలుకు జంతువులమీద పరీక్షలు చేసి, లారీ మాటే నిజమన్నారు. (ఆ పరీక్షల్లో రూపాబాయి ఫర్దూన్జీ కూడా ఉన్నారు. మత్తు ఇచ్చే డాక్టర్లలో ప్రపంచంలోనే మొదటి మహిళ ఆవిడేనంటారు. నవల రాయదగ్గ మనిషి!) తీరా 1911లో లెవీ అనే ఆయన, క్లోరోఫామ్ గుండెనీ ఆపగలదని తేల్చేశారు.

నా మట్టుకు నాకు ఆ పరీక్షలకన్నా లండన్ వైద్యపత్రిక 'లాన్సెట్' చేసిన పనే నచ్చింది. మత్తుమందుతో పోయిన రోగుల వివరాలు పంపమని డాక్టర్లని అడిగి, అన్నీ ఒకచోట చేర్చి 1893లో అచ్చువేసింది.

అయినా బుద్ధి రాలేదు. వేవిళ్లకీ నిద్రకీ వాడిన థాలిడోమైడ్ వల్ల వేలమంది పసివాళ్లు చేతులూ కాళ్లూ సరిగా లేకుండా పుట్టాక, 1961లో ఆ మందు ఆపారు. 1964లో బ్రిటన్ డాక్టర్లచేతికి పసుపుకార్డు ఇచ్చింది, మందు పడకపోతే రాసి పంపమని. రోగులు తామే రాయడానికి మాత్రం 2005 దాకా ఆగాలి. బాధ మనది, రాసే హక్కు వారిదీనూ!

మనదేశంలో 2010లో ఇలాంటి ఏర్పాటు మొదలైంది. విశాఖలో ఆంధ్రా మెడికల్ కాలేజీ అందులో ఒక కేంద్రం. మనలాంటివాళ్లు నింపడానికి తెలుగులో ఫారం ఉంది. 1800 180 3024కి ఉచితంగా ఫోను చెయ్యొచ్చు. తరువాత సెల్‌ఫోనులోకి 'ఏడీఆర్ పీవీపీఐ' అని యాప్ కూడా వచ్చింది. ఆ పేరు పెట్టినవాళ్లకి మన అత్తగార్లు గుర్తొచ్చినట్టు లేదు. మందే కారణమని రుజువు చెయ్యనక్కర్లేదు, అనుమానం చాలు.

కానీ మందు పేరు చెప్పాలి కదండీ. షాపతను కత్తెరతో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే, పేరూ బ్యాచి నంబరూ మిగిలిన ముక్కతో షాపులోనే ఉండిపోతాయి. మనం "తెల్లగా, గుండ్రంగా ఉంటుంది" అని రాయాలి కాబోలు! కత్తెర తీసేలోగా ఆ రెండూ చీటీమీద రాసిమ్మని అడగండి.