ఎక్స్‌పీ మీద నిలిచిపోయిన తెలుగు

కొత్త విండోస్ వేయించాలా, పాతదానితోనే నెట్టుకురావాలా అన్నది నల్లగొండ, పాలమూరు డీటీపీ సెంటర్లలో పాతికేళ్లుగా తెగని పంచాయితీ. ఇంట్లో కంప్యూటర్ వాడుకునేవారికి ఇది ధరకూ వేగానికీ సంబంధించిన విషయం. కోర్టు దగ్గరో కలెక్టరేట్ దగ్గరో అర్జీలు, కరపత్రాలు, శుభలేఖలు కొట్టి బతికే దుకాణానికి మాత్రం ఇది అక్షరానికి సంబంధించినది. విండోస్ మారిన మర్నాడు తెలుగు కనబడుతుందో లేదో తెలియని పరిస్థితి ఈ పనిని ఏళ్ల తరబడి నడిపించింది.

ఈ సీమలో అచ్చు పని పాతదే. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండలో నీలగిరి పత్రిక పెట్టారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. ఆనాటి కంపోజిటరు అక్షరాన్ని చెవితో కాక కంటితో కూర్చేవాడు. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు ఏది ఎక్కడ కూర్చుంటుందో చూసి, సీసం ముక్కలను అరల్లోంచి ఏరి పేర్చేవాడు. తర్వాత వచ్చిన తెలుగు టైపు మిషనూ ముక్కల పద్ధతినే పట్టుకుంది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పాసైన వేళ్లు నేర్చుకున్నది అదే.

1990లలో కంప్యూటర్ వచ్చినా ఆ పద్ధతి పోలేదు. అను, శ్రీలిపి వంటి ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల కోసం కేటాయించిన 256 గదుల్లోనే తెలుగు ముక్కలను సర్దాయి. తెర మీద కనిపించేది తెలుగే గాని, కంప్యూటర్ లెక్కలో అవన్నీ ఇంగ్లిష్ గుర్తులే. అను ఫాంటు లేని కంప్యూటర్‌లో శుభలేఖ ఫైలు తెరిస్తే ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉండాల్సిన చోట నెత్తిన చుక్కలూ గీతలూ పెట్టుకున్న రోమన్ అక్షరాలు వరస కడతాయి. నిజానికి అను ఫాంటు కంప్యూటర్ శాస్త్రానికి కన్నా సీసపు అక్షరాల అరకే దగ్గరి చుట్టం. టైపు నేర్చినవాళ్లకు అది త్వరగా పట్టుబడింది కూడా అందుకే.

ఈ ఫాంట్లకు జోడీ పేజ్‌మేకర్. ఆల్డస్ కంపెనీ తెచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ 1994లో అడోబీ చేతికి వచ్చింది. దాని చివరి ప్రధాన వెర్షన్ 7.0, 2001లో విడుదలైంది. విండోస్ ఎక్స్‌పీ వచ్చింది కూడా ఆ ఏడాది అక్టోబరులోనే. ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ 7, అను కలిసిన ఆ ముగ్గురి కాపురం ఎంత గట్టిగా కుదిరిందంటే, తర్వాతి పదిహేనేళ్లలో ఏ కొత్త విండోస్ దాన్ని విడదీయలేకపోయింది. విండోస్ 98 నుంచి ఎక్స్‌పీకి మారడానికి మాత్రం పెద్దగా ఎవరూ వెనకాడలేదు. మాటిమాటికీ హ్యాంగయ్యే 98ని వదిలించుకోవడం అందరికీ ఇష్టమే.

విచిత్రమేమిటంటే, తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలిచ్చే యూనికోడ్ తెలుగు విండోస్‌లో అడుగుపెట్టింది కూడా ఎక్స్‌పీతోనే. గౌతమి ఫాంటు దానితోపాటే వచ్చింది. కాకపోతే అది దానంతటది పనిచేసేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ సెట్టింగ్స్ తెరిచి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, అడిగినప్పుడు విండోస్ సీడీ పెట్టి, చివరికి రీస్టార్ట్ చేయాలి. ఇంతా చేస్తే యూనికోడ్ తెలుగు పేజ్‌మేకర్‌లోకి ఎక్కేది కాదు. అచ్చుకు పనికిరాని తెలుగుతో డీటీపీ ఆపరేటరుకు పనేముంది?

2007లో విస్టా, 2009లో విండోస్ 7 వచ్చాయి. విస్టా కోసం పేజ్‌మేకర్‌ను అడోబీ సవరించలేదు, ఇన్‌డిజైన్‌కు మారమంది. ఆ ఇన్‌డిజైన్‌లో తెలుగుతో సహా పది భారతీయ భాషల లిపులకు నేరుగా సదుపాయం కుదిరింది 2012 నాటి సీఎస్6లో. అప్పటిదాకా మారమన్నవారు చూపిన దారి తెలుగు వరకు వచ్చేసరికి మూసుకుపోయి ఉంది. జిల్లా కేంద్రాల్లోని దుకాణాలు ఎక్స్‌పీని పట్టుకుని కూర్చోవడాన్ని వెనకబాటుగా చూసినవాళ్లున్నారు గాని, అది లెక్క తెలిసిన పనే.

2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. ఆ తేదీని పట్టించుకున్న దుకాణాలు తక్కువే. ఆ మాటకొస్తే బ్యాంకులే ఏటీఎంలలో ఎక్స్‌పీని ఇంకా నడుపుతుంటే, 2019 జూన్‌కల్లా మార్చేయాలని రిజర్వ్ బ్యాంకు 2018లో గడువు పెట్టాల్సి వచ్చింది. దుకాణాలను కదిలించింది మైక్రోసాఫ్ట్ కాదు, బ్రౌజరు. 2011 నవంబరులో మీసేవ మొదలయ్యాక కులం, ఆదాయం సర్టిఫికెట్లు మొదలు ఒక్కొక్క పనీ ఆన్‌లైన్‌కు చేరింది. డీటీపీ సెంటరు సగం నెట్ సెంటరైంది. ఎక్స్‌పీ మీద ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్ ఎనిమిదో వెర్షన్ దగ్గరే ఆగింది. 2016లో క్రోమ్ కూడా చేతులెత్తేసింది. సైట్ తెరుచుకోకపోతే గిరాకీ పక్క దుకాణానికి పోతుంది.

దీనికి దుకాణాలు కనిపెట్టిన ఉపాయం రెండు కంప్యూటర్లు. నెట్ పనికి కొత్త విండోస్ ఉన్నది ఒకటి. నెట్ తీగ తీసేసి, అను, పేజ్‌మేకర్‌లతో మూలన పడి ఉండే ఎక్స్‌పీ పెట్టె ఇంకొకటి. రెంటి మధ్యా పెన్‌డ్రైవే వారధి. వైరస్‌లకు రాచబాట కూడా అదే.

2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు ఆ పాత పెట్టె విలువ తెలిసింది. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి; పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు వేరుపడ్డాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జతచేరింది. లెటర్‌హెడ్లు, రశీదు పుస్తకాలు, బడుల ప్రోగ్రెస్ కార్డులు అన్నిటి మీదా జిల్లా పేరు మారాలి. పాత ఫైలు తెరిచి ఒక్క పేరు దిద్దితే నిమిషాల పని. కొత్త సాఫ్ట్‌వేర్‌లో మొదటి నుంచి కొట్టాలంటే ఒక పూట.

పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. చిక్కంతా వరసలో ఉంది. ‘లక్ష్మి’ అనే పేరును అను పద్ధతిలో కంటికి కనిపించినట్టు కూరుస్తారు: ల, ఆపైన గుడితో ఉన్న క్షి, దాని పక్కన మ ఒత్తు. యూనికోడ్ ఆ పేరును పలికే వరసలో ఏడు సంకేతాలుగా దాచుకుంటుంది: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, చివరికి గుడి. అంటే కన్వర్టరు గుడిని క్ష మీది నుంచి తీసి, ఒత్తును దాటించి, చివరికి చేర్చాలి. ఒత్తు మీద ఒత్తు పడిన చోటల్లా ఇది తడబడే అవకాశం ఉంది. పెళ్లికొడుకు పేరు తప్పుపడితే కార్డులన్నీ మళ్లీ అచ్చేయాలి కాబట్టి మార్చిన ప్రతి పేజీకీ ప్రూఫు దిద్దక తప్పదు.

2010 దశకంలో సిలికానాంధ్ర సంస్థ చొరవతో ఉచిత యూనికోడ్ ఫాంట్లు వచ్చాక ఈ మార్పిడికి అవతలి ఒడ్డు కొంత దగ్గరైంది. వాటిలో ఒకదానికి సురవరం ప్రతాపరెడ్డి పేరే పెట్టారు. ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు లినక్స్‌ను ప్రచారం చేసింది గాని, పేజ్‌మేకర్ నేరుగా నడవని చోటికి డీటీపీ పని వలస పోలేదు.

ఎక్స్‌పీ పెట్టెలకు చివరి దెబ్బ వయసుదే. హార్డ్‌డిస్కులు చెడిపోతున్నాయి. కొత్త కంప్యూటర్లలో వచ్చే 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నడవవు, పాత ప్రింటర్లకు డ్రైవర్లు దొరకవు. 2021లో వచ్చిన విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసరు కావాలి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు ముగియడంతో మార్చాల్సింది ఒక్క విండోస్‌నే కాదు, చాలా చోట్ల పెట్టెనే. పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలిగే చివరి ఇన్‌డిజైన్ కూడా ఆ సీఎస్6 వెర్షనే. దాని తర్వాతవి తెరవవు. అందుకని పాత ఫైళ్లు ఎక్కువున్న దుకాణం కొత్త కంప్యూటర్ కొన్నా, వాటిని ఒక్కొక్కటిగా తెరిచి మార్చుకునేదాకా పాతదాన్ని తూకానికి వేయడం లేదు.