గోలకొండ దుర్గము – హైదరాబాదు నగర రక్షణ

హైదరాబాదు చరిత్రను పరిశీలించువారికి ఒక విషయము వింతగా తోచును. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా నిర్మించిన ఈ రాజధానికి కుతుబ్‌షాహీల కాలమంతయు ప్రాకారము లేదు. కొలది మైళ్ళ దూరముననున్న గోలకొండను వరుస గోడలతో బలపరచిన ప్రభువులు నగరమునేల బయలుగా విడిచిరి? కోటను, నగరమును ఒకే రక్షణ విధానములోని రెండు అంగములుగా చూచిననే ఈ ప్రశ్నకు సమాధానము దొరకునని మా అభిప్రాయము.

గోలకొండ మొదట కాకతీయుల నాటి మట్టికోటయని ప్రతీతి. ముసునూరి కాపయనాయకుడు సంధిలో దీనిని బహమనీలకు వదలుకొనెను. పిదప కులీ కుతుబుల్‌ముల్కు దీనిని తన రాజ్యమునకు కేంద్రముగా చేసికొనెను. ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) రాతిగోడలతో దీనిని దృఢపరచెను. కొండకొమ్మున బాలాహిస్సారు, దాని చుట్టు లోపలికోట, అన్నిటిని చుట్టి బురుజులతో, అగడ్తతో కూడిన వెలుపలికోట కలవు. మట్టిగొట్టముల ద్వారా నీటిని అంచెలంచెలుగా కొండపైకి చేర్చిరి. దీర్ఘకాలపు ముట్టడికి ఓర్చుకొనుటయే ఈ యేర్పాటుల లక్ష్యము.

ఇబ్రహీం కాలముననే, 1578లో, మూసీపై పురానాపూలు వెలసినది. నగరముకంటె వంతెన పదుమూడేండ్లు పెద్దది. ఏటికి దక్షిణముననున్న విశాలభూమికి కోటతో రాకపోకలు నగర నిర్మాణమునకు ముందే సుగమమైనవని దీనివలన తెలియుచున్నది. నివాసమునకును వర్తకమునకును నగరము. ధనాగారమునకును ఆపత్కాలమునకును దుర్గము.

ఈ విధానము 1656లో తొలిసారి పరీక్షకు గురియైనది. మొగలుసేన నగరము ప్రవేశించుటకు ముందే అబ్దుల్లా కుతుబ్‌షా కోటను చేరెను. నగరము దోపిడికి గురియైనను రాజ్యము నిలిచినది. షాజహాను ఆజ్ఞపై ముట్టడి ఎత్తివేయబడెను. ఆ పిమ్మట ఈశాన్యముననున్న ఎత్తునేలను గోడలోనికి చేర్చి నయాఖిలాను నిర్మించిరి. శత్రువు ఫిరంగులకు అనువగు స్థలము అతనికి దక్కరాదనియే ఈ చేర్పు. కోటలోపము దిద్దబడెను, నగరము మాత్రము యథాతథముగా నుండెను.

1685లో సేనాని మీర్ మహమ్మదు ఇబ్రహీం శత్రుపక్షము చేరగా, అబుల్‌హసను తానాషా రాత్రికి రాత్రి కోటను చేరెను. నగరము మరల దోచుకొనబడెను. 1686లో అక్కన్న మాదన్నలు హతులైరి. 1687లో ఔరంగజేబు స్వయముగా కోటను ముట్టడించి, సుమారు ఎనిమిది నెలలు గడపెను. మొగలులు పెట్టిన మందుపాతరలు వెనుకకు పేలి వారి సైనికులనే చంపెను. వానలు, కరవు వారి శిబిరమును పీడించెను. కడకు సెప్టెంబరులో అబ్దుల్లాఖాను పన్నీ ద్వారము తెరచెను. అబ్దుర్‌రజాకు లారీ ఒడలెల్ల గాయములతో పోరాడినను ఫలము లేకపోయెను. తానాషా దౌలతాబాదున బందీయయ్యెను.

ఈ పతనమునకు ద్రోహమొక్కటియే కారణమని సామాన్యముగా చెప్పుదురు. అది తక్షణకారణమే. కాని ముట్టడి సాగుచుండగనే ఔరంగజేబు గోలకొండ రాజ్యమును తన సామ్రాజ్యమున కలుపుకొన్నట్లు ప్రకటించి, అధికారులను నియమించెను. నగరమును, దేశమును కోల్పోయిన రాజు కోటలో మిగిలెను. అట్టి ప్రభువును ఆశ్రితులు వీడుటలో ఆశ్చర్యము లేదు. గోడలు ఓడలేదు, గోడల వెలుపలి రాజ్యము ముందే పోయినది.

ఆ తరువాతి పాలకులు ఈ పాఠమును గ్రహించిరని తోచుచున్నది. 18వ శతాబ్దిలో ముబారిజుఖాను హైదరాబాదునకు ప్రాకారమును ఆరంభించెను, నిజాముల్‌ముల్కు పూర్తిచేసెను. 1908 నాటి మూసీ వరదలకును, పిదపటి కూల్చివేతలకును అది చాలవరకు అంతరించినది. పురానాపూలు, దబీర్‌పురా దర్వాజాలు మాత్రము నేటికిని నిలిచియున్నవి. గోలకొండను చూచువారు ఈ రెండు ద్వారములను కూడ చూచినగాని నగర రక్షణ చరిత్ర సమగ్రముగా బోధపడదు.