వెలివాడను దాటిన పద్యం: గుఱ్ఱం జాషువ జీవితం

మన పాఠశాల డెబ్బది అయిదు సంవత్సరాలు పూర్తి చేసికొన్న ఈ శుభసమయాన పూర్వ విద్యార్థులతోను, తల్లిదండ్రులతోను నాలుగు మాటలు పంచుకొనదలచినప్పుడు నా మనస్సున మెదలిన పేరు గుఱ్ఱం జాషువ. ఆయన మహాకవి అని అందరికీ తెలుసు. ఆయన ఉపాధ్యాయుడు కూడా అన్న సంగతి మనం తరచు మరచిపోతాము. బడి ఒక బాలుని ఎంతగా గాయపరచగలదో, ఎంత ఎత్తుకు చేర్చగలదో రెండింటినీ అనుభవించి తెలిసికొన్న వ్యక్తి జాషువ.

ఆయన 1895 సెప్టెంబరు 28న నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో జన్మించారు. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ మాదిగ కులస్థురాలు. వారిది క్రైస్తవ కుటుంబం. మతం మారినా ఊరి దృష్టిలో కులం మారలేదు. బడిలో అడుగుపెట్టిన నాటి నుండి ఆ బాలునికి అక్షరాలతోపాటు అంటరానితనం కూడా పరిచయమైంది. తెలివిలో తోటివారికి తీసిపోకపోయినా, పక్కన కూర్చొనే అర్హత లేదని సమాజం నిర్ణయించింది.

ఆ కాలంలో సంస్కృత విద్య అందరికీ అందేది కాదు. అట్టి రోజులలో జూపూడి హనుమచ్ఛాస్త్రి గారు జాషువకు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం బోధించారు. ఒక గురువు ఒక శిష్యుని కోసం తెరచిన ఆ పుస్తకాలే తెలుగు సాహిత్య చరిత్రను మార్చాయి. కాళిదాసు మేఘాన్ని దూతగా చేసి యక్షుని విరహాన్ని పంపిన తీరు చదివిన శిష్యుడు, తరువాతి కాలంలో అదే ప్రక్రియలో వేరొక దుఃఖాన్ని పంపించాడు.

జాషువ జీవనోపాధి కష్టాలతో కూడుకొన్నది. తొలుత మిషను పాఠశాలలో స్వల్ప జీతానికి పనిచేశారు. 1915-16 ప్రాంతంలో రాజమహేంద్రవరంలో మూకీ చిత్రాలకు వాచకునిగా ఉన్నారు. తెరమీద బొమ్మలు కదులుతూ ఉంటే వెనుక నుండి కథను, సంభాషణలను చదివి వినిపించడం ఆ ఉద్యోగం. ఆ తరువాత గుంటూరులోని లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో దాదాపు పది సంవత్సరాలు, 1928 నుండి 1942 వరకు అక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితునిగా పనిచేశారు. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ కథలు వ్రాయడమేమని స్వజనులు ఆక్షేపించారు. ఈ కులంవాడికి కవిత్వమేమని ఇతరులు ఆక్షేపించారు. రెండు వైపుల నుండి తగిలిన దెబ్బల మధ్య ఆయన కలం ఆగలేదు.

1932లో వెలువడిన ‘పిరదౌసి’ కావ్యం, గజనీ మహమ్మదు చేత వంచితుడైన పారశీక మహాకవి కథ. ప్రతిభకు తగిన ప్రతిఫలం దక్కని కవి వేదనను జాషువ అంత ఆర్ద్రంగా వ్రాయగలిగినారంటే ఆశ్చర్యమేమున్నది? 1941లో ‘గబ్బిలం’ వచ్చింది. ఆలయ ప్రవేశం లేని ఒక అరుంధతీ సుతుడు, తన మొరను కాశీ విశ్వనాథునికి విన్నవించుమని గబ్బిలాన్ని వేడుకొనడం ఇందులోని కథ. మనిషికి మూసిన గుడి తలుపు గబ్బిలానికి తెరచి ఉన్నదన్న ఒక్క భావంలో ఒక సమాజం మొత్తం దోషిగా నిలబడింది.

ఆ కావ్యం వెలువడిన నాటి పరిస్థితిని మన పిల్లలు తెలిసికొనాలి. 1939 జూలై 8న మదురై మీనాక్షి ఆలయంలోకి వైద్యనాథ అయ్యరు గారి నాయకత్వంలో హరిజనులు ప్రవేశించారు. ఆ ఏడాదే మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశానికి రక్షణ కల్పిస్తూ చట్టం చేసింది. 1947లో మరింత విస్తృతమైన చట్టం వచ్చింది. 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అంటరానితనాన్ని నిషేధించింది. నాడు చిత్తూరు జిల్లాలో ఉండిన మన పళ్ళిపట్టు కూడా ఆ మద్రాసు రాష్ట్రంలోనిదే. కనుక ఇది ఎక్కడో దూరపు కథ కాదు. మన తాతముత్తాతలు చూచిన కథ.

ఇట్టి అనుభవం మన దేశానికే పరిమితమైనదీ కాదు. దక్షిణాఫ్రికాలో 1913లో జన్మించిన చిత్రకారుడు జెరార్డ్ సెకోటో కూడా లూథరన్ మిషనులో పెరిగి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, బడిలో పాఠాలు చెప్పినవాడే. నల్లజాతివారి నివాసమైన సోఫియాటౌన్ వీథిని ఆయన చిత్రించగా, 1940లో జొహాన్నెస్‌బర్గ్ చిత్రశాల దానిని కొన్నది. ఆ చిత్రశాల సేకరించిన తొలి నల్లజాతి చిత్రకారుని కృతి అదే. బొమ్మకు గోడమీద స్థానం లభించినా, గీసిన చేతికి ఆ నగరంలో సమాన స్థానం లభించలేదు. 1947లో ఆయన పారిస్ నగరానికి వెళ్ళిపోయారు. పొట్టకూటికి పియానో వాయించారు. 1993లో ఫ్రాన్సులోనే కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రానే లేదు.

మన జాషువ దేశం విడువలేదు. అయితే ఆయన శ్మశాన పద్యాలను హరిశ్చంద్ర నాటకంలో నటులు ఆలపిస్తూ ఉంటే తెలుగునాట జనం తెల్లవార్లూ కరతాళధ్వనులు చేశారు. ఆ చప్పట్లు మ్రోగిన ఊళ్ళలోనే ఆ పద్యాలు వ్రాసినవాని వాడకు నీళ్ళ బావి వేరుగా ఉండేది. కళను ఆదరించి కళాకారుని దూరముంచడం రెండు ఖండాలలోనూ ఒక్కటే!

ఛందోబద్ధమైన పద్యాన్నే ఆయన ఎందుకు ఎన్నుకొన్నారని కొందరు అడుగుతారు. నాకు తోచిన సమాధానం ఇది: తనకు మూసివేసిన గదిలోనే ప్రవేశించి, అక్కడి ఆసనంపైనే కూర్చొని చూపడం ఆయన ప్రతిజ్ఞ. భాష పుట్టుకతో సంక్రమించే ఆస్తి కాదని, నేర్చినవాని సొత్తని ఆయన నిరూపించారు. పండిత లోకానికి పెద్దదిక్కైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు స్వహస్తాలతో ఆయన పాదానికి గండపెండేరం తొడగడం ఆ విజయానికి సాక్ష్యం. 1957 నుండి 1959 వరకు మద్రాసు ఆకాశవాణిలో పనిచేశారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ లభించాయి. 1971 జూలై 24న గుంటూరులో పరమపదించారు.

1960 ఏప్రిల్ 1న మన ప్రాంతం ఆంధ్ర నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు మారినా ఇక్కడి ఇళ్ళలో తెలుగు మారలేదు. అల్పసంఖ్యాకులమై భాషను కాపాడుకొనే మనకు జాషువ చెప్పే పాఠం ఒకటున్నది. మన భాషకు గౌరవం కోరే మనము, ఆ భాష మాట్లాడే ప్రతి బిడ్డకూ అంతే గౌరవం ఇవ్వాలి. ఏ వీథి నుండి వచ్చినా ఒకే బల్ల, ఒకే పంక్తి, ఒకే పలకరింపు ఉండాలి. చట్టం గుడి తలుపు తెరిపించగలదు. పిల్లవాని మనస్సులో పడిన ముద్రను తుడిచే శక్తి ఉపాధ్యాయునికీ, తల్లిదండ్రులకూ మాత్రమే ఉన్నది.

మన విద్యార్థులలో ఏ బాలుడు, ఏ బాలిక రేపటి జాషువ కానున్నారో మనకు తెలియదు. కనుక ప్రతి బిడ్డకూ హనుమచ్ఛాస్త్రి గారివలె పుస్తకం తెరచి పెట్టుదాము. ప్లాటినం జూబిలీ వేళ ఇంతకంటె పవిత్రమైన సంకల్పం వేరొకటి లేదు.