పురుగు ఇక్కడా ఉంది, రోగం మాత్రం అక్కడ

హఫీజ్‌పేట్‌లో ఎంఎంటీఎస్ రైలెక్కితే కొన్ని స్టేషన్ల తరువాత బేగంపేట వస్తుంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది ఆ ప్రాంతంలోనే. మలేరియాకు కారణం చెడుగాలి కాదనీ, దాన్ని మోసేది దోమ అనీ ఆ తరువాత లోకం ఒప్పుకుంది. ఆ జ్ఞానంతోనే పదేళ్లకు బ్రెజిల్‌లో ఒక యువ వైద్యుడు మలేరియా నివారణకు బయలుదేరి, ఎవరూ ఎరుగని మరొక రోగాన్ని కనుగొన్నాడు. ఆయన పేరు కార్లోస్ చాగస్.

మినాస్ జెరైస్ రాష్ట్రంలో రైలుమార్గం వేస్తున్న కూలీలను మలేరియా నుంచి కాపాడడం ఆయనకు అప్పగించిన పని. లాసాన్స్ అనే ఊళ్లో ఉండగా, మట్టిగోడల పగుళ్లలో దాగి రాత్రివేళ నిద్రపోయేవారి ముఖం మీద కుట్టి రక్తం తాగే ఒక పెద్ద పురుగును గురించి ఒక రైల్వే ఇంజనీరు ఆయనకు చెప్పాడు. ముఖం దగ్గర పని కనుక అక్కడివారు దాన్ని ‘మంగలి’ అని పిలిచేవారు. దాని పేగులో చాగస్‌కు ఒక పరాన్నజీవి కనిపించింది. గురువైన ఓస్వాల్డో క్రూజ్ పేరిట దానికి ట్రిపనోసోమా క్రూజీ అని పేరు పెట్టాడు. తరువాత అదే జీవి ఒక పిల్లి రక్తంలోనూ, 1909 ఏప్రిల్ 14న బెరెనీస్ అనే రెండేళ్ల బాలిక రక్తంలోనూ దొరికింది. వైద్యచరిత్రలో సాధారణంగా ముందు రోగి, తరువాత కారణం కనిపిస్తాయి. ఇక్కడ ముందు పురుగు దొరికింది, ఆఖరున రోగి దొరికాడు.

1912లో చాగస్ అడవిలోని ఆర్మడిల్లో రక్తంలో కూడా దీన్ని చూశాడు. మన అలుగులా ఒంటికి కవచమున్న జంతువది. దాని బొరియలో ఉండే మరో జాతి పురుగు ఈ పరాన్నజీవిని మోస్తోంది. అంటే మనిషి ప్రమేయం లేకుండానే జంతువుకూ పురుగుకూ మధ్య ఈ చక్రం అడవిలో తిరుగుతూ ఉండేదన్నమాట. దక్షిణ అమెరికా పశ్చిమ తీరంలో దాదాపు 9,000 ఏళ్లనాటి మమ్మీలలో కూడా ఈ పరాన్నజీవి ఆనవాళ్లు దొరికాయి. అడవులు నరికి మట్టి ఇళ్లు కట్టుకున్నచోట కొన్ని జాతుల పురుగులు గోడల్లోకి చేరాయి. కోళ్లకు ఈ రోగం సోకదు; కానీ వాటి రక్తం తాగి పురుగులు పెరుగుతాయి.

సరిగ్గా ఆ 1909లోనే మద్రాసులో చార్లెస్ డోనవన్ ఇదే కుటుంబానికి చెందిన ఎర్రంచు పురుగును పరీక్షిస్తున్నాడు. కాలా అజార్‌ను అదే మోస్తోందేమోనని ఆయన అనుమానం. అనుమానం నిలవలేదు, ఆ రోగాన్ని మోసేది ఇసుక ఈగ అని తరువాత రుజువైంది. అయితే డోనవన్‌కు ఆ పురుగు పేగులో ట్రిపనోసోమా కొనోర్హినీ దొరికింది. అది క్రూజీకి దాయాది. ఎలుకల్లో ఉంటుంది, మనిషికి హాని చేసినట్లు దాఖలా లేదు. ఎలుకలతోపాటు ఓడలెక్కి ఈ పురుగు అనేక దేశాల రేవులకు చేరింది. లిన్ష్‌కోస్టియస్ అనే మరో ప్రజాతి మన దేశంలో తప్ప ఎక్కడా లేదు. పురుగు ఉంది, ఎలుక ఉంది, దాయాది పరాన్నజీవీ ఉంది. అసలు క్రూజీ లేదు. అందుకే ఇక్కడ చాగస్ వ్యాధి పుట్టడం లేదు.

అలాగని దాయాదులను తేలికగా తీసుకోరాదు. 2004లో మన ఆదిలాబాద్‌కు పొరుగునున్న చంద్రాపూర్ జిల్లాలో, పశువులకు జోరీగల ద్వారా సోకే సర్రా వ్యాధి ఒక రైతుకు సోకింది. ఆ పరాన్నజీవిని చంపే సహజ మాంసకృత్తు ఆయన రక్తంలో లోపించిందని పరిశోధకులు తేల్చారు.

ఇదంతా హఫీజ్‌పేట్ పాఠకులకు ఎందుకంటారా? మన అపార్ట్‌మెంట్లలో టెక్సాస్‌లో బిడ్డలున్న తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. అక్కడ అడవి ఎలుకల్లో, రకూన్లలో, పెంపుడు కుక్కల్లో కూడా క్రూజీ ఉంది. మనుషులకు సోకడం అరుదే. కానీ 2013 నుంచి ఆ రాష్ట్రంలో ఈ వ్యాధి కనబడితే ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి.

కాటు కన్నా ప్రమాదం పురుగు మలంలో ఉంది. కుట్టినచోట గోకినప్పుడో, ఆ చేత్తో కన్ను నలిపినప్పుడో అది లోపలికి పోతుంది. అందుచేత పురుగును చేత్తో నలపకండి. డబ్బాలో పట్టి అక్కడి ఆరోగ్యశాఖకు చూపమని పిల్లలకు చెప్పండి. రాత్రిళ్లు కుక్కను ఇంట్లోనే పడుకోబెట్టమనండి. రోగం ఏళ్ల తరబడి లక్షణాలు లేకుండా ఉండి, సోకిన ముగ్గురిలో ఒకరి వరకు గుండెను దెబ్బతీయవచ్చు. తొలిదశలో గుర్తిస్తే మందులున్నాయి. విదేశంలో ఏళ్లపాటు ఉండి వచ్చినవారికి గుండె పెద్దదైందనో, లయ తప్పిందనో తేలితే, ఎక్కడెక్కడ నివసించారో డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. ఇక్కడ లేని రోగం ఇక్కడి డాక్టరుకు వెంటనే తట్టదు.