సాలీనా భృతి, జకాత్: తొలి ఖలీఫాల ఆచరణ

అరబీ చరిత్ర గ్రంథాల్లో తరచు కనిపించే ‘అతా’ అన్న పదానికి తెలుగులో సరయిన మాట దొరకడం కష్టం. దాని ధాత్వర్థం ‘ఇవ్వడం’. అయితే అది దానం కాదు, ఎందుకంటే పొందేవారికి దానిపై హక్కు వుండేది. కొలువుకు కట్టిన జీతమూ కాదు, ఎందుకంటే స్త్రీలకు, పిల్లలకు కూడా అందేది. బైతుల్‌మాల్ నుండి ఏటేటా లభించిన ఈ పైకాన్ని ‘సాలీనా భృతి’ అనడం సబబు.

హజ్రత్ అబూబక్ర్ (రజి) వచ్చిన సొమ్మును అందరికీ సమానంగా పంచారు. హజ్రత్ ఉమర్ (రజి) హిజ్రీ 20లో (క్రీ.శ. 641) దివాన్ ఏర్పరచి, ఇస్లాం సేవలో ముందున్నవారికి ఎక్కువ భృతి నిర్ణయించారు. హిజ్రీ 15 అన్న కథనం కూడా వుంది. బద్ర్ యోధులకు ఏడాదికి 5,000 దిర్హములు. ఇంత సొమ్ము ఎక్కడిది? ఇరాక్‌లోని సవాద్ భూములను తమకు పంచిపెట్టమని సైనికులు కోరగా ఆయన అంగీకరించలేదు. భూమిని రైతుల చేతుల్లోనే వుంచి ఖరాజ్ విధించారు. భృతికి ప్రధాన ఆధారం ఆ రాబడే.

మరి భృతి పొందినవారు దానిపై జకాత్ చెల్లించారా? ఇమామ్ మాలిక్ (మరణం క్రీ.శ. 795) ‘మువత్తా’లో అబూబక్ర్ (రజి) మనుమడు ఖాసిమ్ ద్వారా వచ్చిన కథనం వుంది. భృతి ఇచ్చేటప్పుడు ఖలీఫా, “జకాత్ విధి అయిన సంపద నీవద్ద వుందా?” అని అడిగేవారు. ఉందంటే ఆ సంపదపై జకాత్‌ను భృతి నుండి మినహాయించేవారు. లేదంటే మొత్తం ఇచ్చివేసేవారు. అంటే తీసుకున్నది చేతికందబోయే భృతిపై పన్ను కాదు, అంతకుముందే ఏడాదిపాటు నిలిచిన సంపదపై జకాత్.

భృతి నుండే జకాత్ తీసుకున్న మొదటివారు ముఆవియా (రజి) అని అదే గ్రంథంలో ఇబ్నె షిహాబ్ మాట. అయితే ఇబ్నె మస్ఊద్ (రజి) కూడా భృతిలో వేయికి 25 మినహాయించారన్న కథనం ఇతర గ్రంథాల్లో వుంది. అదీ పాత సంపదపై జకాతేనని కొందరు పండితులు వివరించారు.

ఈ భేదం నేటి నెల జీతగాళ్లకూ వర్తిస్తుంది. నిసాబ్‌పై ఏడాది గడవాలన్నది అధికసంఖ్యాక ఫుఖహాల అభిప్రాయం. హనఫీల ప్రకారం, నిసాబ్ ఉన్నవాడికి మధ్యలో వచ్చిన సొమ్ము పాతదానితో కలిసి, ఏడాది చివర లెక్కకు వస్తుంది. జీతం చేతికందగానే చెల్లించాలని వాదించిన యూసుఫ్ అల్ ఖర్జావీ వంటి ఆధునికులు ఇబ్నె మస్ఊద్, ముఆవియాల ఆచరణనే ఆధారంగా చూపారు.

ఎవరి అభిప్రాయాన్ని అనుసరించినా ఒక విషయం గమనించాలి. అబూబక్ర్ (రజి) మినహాయించే ముందు అడిగారు, చెప్పినదాన్ని నమ్మారు. ఖజానా తాళాలు తన చేతిలో వున్నా, లెక్క చెప్పే బాధ్యతను ఆ మనిషి అంతరాత్మకే విడిచిపెట్టారు.