మంచులోని చేపకూ ఒక చరిత్ర ఉంది

ఎప్పుడో కొన్న రొయ్యల పొట్లం ఒకటి ఫ్రీజరు అడుగున మీకు దొరికిందనుకోండి. తినవచ్చా? పారవెయ్యాలా? ఒకరు వాసన చూసి బాగానే ఉందంటారు. మరొకరు ఇన్ని నెలలైంది, వద్దంటారు. ముక్కును నమ్మాలా, క్యాలెండరును నమ్మాలా? ఇది మీ ఇంటి సమస్యే కాదు. ఓడలు, రేవులు, ప్రభుత్వాలు నూరేళ్ళకు పైగా ఇదే ప్రశ్నతో తలపడ్డాయి.

ముందుగా సూరత్ వెళదాం. తాపీ నది ఒడ్డున ఉన్న ఈ గుజరాత్ నగరంలో నేతపని కోసం తెలంగాణ నుంచి వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 1994 సెప్టెంబరులో అక్కడ ఊపిరితిత్తుల ప్లేగు వార్త పొక్కగానే లక్షలాది జనం ఊరు విడిచారు. యాభైమందికి పైగా మరణించారు. భయం దేశ సరిహద్దులు దాటింది. కొన్ని దేశాలు విమానాలు ఆపేశాయి. కొన్ని మన ఆహార పదార్థాలనే వద్దన్నాయి. నిజానికి ఈ రకం ప్లేగు రోగి దగ్గు తుంపరల ద్వారా సోకుతుంది కాని, ఎగుమతి చేసిన ఆహారం ద్వారా కాదు. భయం చెప్పే తీర్పు ఇలాగే ఉంటుంది. మరి విజ్ఞానశాస్త్రం చెప్పే తీర్పు ఎలా ఉంటుంది?

గుజరాత్ తీరంలో బొంబిల్ చేపలను దండేలమీద ఎండబెడతారు. మన తీరంలో చేపకు ఉప్పు పట్టిస్తారు. రెండింటి రహస్యమూ ఒక్కటే: సూక్ష్మజీవులకు నీరు అందకుండా చేయడం. గడ్డకట్టించడమూ అంతే. నీరు మంచుగా బిగిసిపోతే అవి దాన్ని వాడుకోలేవు. 1882లో ‘డునెడిన్’ అనే ఓడ న్యూజిలాండ్ నుంచి సుమారు 5 వేల గడ్డకట్టించిన మాంసపు కళేబరాలతో బయలుదేరి, మూడు నెలలకు పైగా ప్రయాణించి లండన్ చేరింది. సరుకు దాదాపు అంతా బాగానే ఉంది. కాలం గడిచినంత మాత్రాన ఆహారం చెడిపోదని లోకానికి అప్పుడు తెలిసింది.

తర్వాతి పాఠం నేటి కెనడాలోని లాబ్రడార్ నుంచి వచ్చింది. 1912 తర్వాత కొన్నేళ్ళు అక్కడ గడిపిన అమెరికన్ క్లారెన్స్ బర్డ్స్‌ఐ, స్థానికులు పట్టిన చేప చలిగాలికి క్షణాల్లో బిగుసుకుపోవడం చూశాడు. నెలల తర్వాత వండినా అది తాజాగా ఉండేది. కారణం వేగం. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కండను చీలుస్తాయి. త్వరగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నవిగా ఉంటాయి. 1930లో ఆయన పద్ధతిలో తయారైన ఆహారం అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. 1953లో కొచ్చి నుంచి గడ్డకట్టించిన మన రొయ్యలు అమెరికాకు బయలుదేరాయి. 1957లో అక్కడే కేంద్ర మత్స్య సాంకేతిక పరిజ్ఞాన సంస్థ ఏర్పడింది. విశాఖపట్నంలోనూ, గుజరాత్‌లోని వేరావల్‌లోనూ దానికి పరిశోధన కేంద్రాలున్నాయి.

1997 ఆగస్టులో యూరోపియన్ యూనియన్ మన సముద్ర ఉత్పత్తుల దిగుమతిని నిషేధించింది. ఈసారి వట్టి భయం కాదు. తనిఖీకి వచ్చినవారు శుద్ధి కర్మాగారాల్లో శుభ్రత లోపాలు చూశారు. ఆ ఏడాది చివర, ప్రమాణాలు అందుకున్న కర్మాగారాలకే తలుపులు తెరిచారు. అదే సమయంలో అమెరికాలోనూ ‘హసాప్’ అనే పద్ధతి సముద్రాహారానికి తప్పనిసరి అయింది. 1960లలో వ్యోమగాముల ఆహారం కోసం పుట్టిన పద్ధతి ఇది. చివర్లో పెట్టె విప్పి చూడడం కాదు, ప్రమాదం రాగల ప్రతి మెట్టు దగ్గరా ఉష్ణోగ్రతను, శుభ్రతను కొలిచి రాసుకోవడం దీని సారం.

ఎందుకంటే చలి సూక్ష్మజీవులను నిద్రపుచ్చుతుంది, అన్నింటినీ చంపదు. మైనస్ 10 డిగ్రీల సెంటీగ్రేడు దిగువన వాటి పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. మంచు కరగగానే మళ్ళీ మొదలవుతుంది. పట్టిన వెంటనే చల్లబరచని ట్యూనా, కనగర్త వంటి చేపల్లో హిస్టమిన్ అనే పదార్థం చేరుతుంది. దాన్ని ఫ్రీజరూ పోగొట్టలేదు, పొయ్యీ పోగొట్టలేదు. ముక్కు కూడా ఎప్పుడూ పసిగట్టలేదు.

ఇక పొట్లం సంగతి. మైనస్ 18 డిగ్రీల దగ్గర కదలకుండా ఉన్న మంచి సరుకు చాలాకాలం సురక్షితమే. తగ్గేది రుచి. కొవ్వు ఎక్కువగా ఉన్న చేపలో కొవ్వు ఆక్సిజన్‌తో కలిసి కొద్ది నెలలకే చేదెక్కుతుంది. తెల్లటి ఎండు మచ్చలు తేమ పోయిన గుర్తు, రోగం గుర్తు కాదు. రొయ్యల మీది నల్లమచ్చలు ఎంజైము పని. పొట్లం అడుగున నీరు కారి గడ్డకట్టి, ముక్కలన్నీ ఒకే ముద్దగా అతుక్కుని ఉంటే మాత్రం అనుమానించండి. అది మధ్యలో ఒకసారి కరిగి ఉండవచ్చు. కరిగాక అమ్మోనియా వాసనో, పుల్లటి వాసనో వస్తే పారవెయ్యండి.

ఒక చిన్న ప్రయోగం చేయండి. గిన్నెలో నీరు పోసి ఫ్రీజరులో గడ్డకట్టించి, దానిపై రూపాయి బిళ్ళ ఉంచండి. మీరు ఊరెళ్ళి వచ్చేసరికి బిళ్ళ మంచు అడుగున కనిపిస్తే, కరెంటు చాలాసేపు పోయిందన్నమాట. ఆ చేపలు వండకండి. పైనే ఉంటే మీ చలి చెదరలేదు.

1995లో సూరత్ మున్సిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను రోజూ వీధుల్లోకి పంపి, చేసిన పనిని తనిఖీ చేయించారు. రెండేళ్ళలో ఆ ఊరు దేశంలోని పరిశుభ్ర నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. ఊరికైనా, చేపకైనా సూత్రం ఒక్కటే. ఎంత పాతది అని మాత్రమే అడగకండి. ఇంతకాలం ఎవరు, ఎలా కాపాడారు అని కూడా అడగండి.